యాభై ఎనిమిది, నేరేడు రంగు

షార్జా, పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
టైర్ల దుకాణం ఎన్క రేకుల గోదాము.
ఆడ అబాయాల లెక్క నాది.

నలుపంటె ఒక్కటే అనుకునేటోణ్ని, వచ్చిన కొత్తల.
నిడా నలుపు, క్రేపు నలుపు, మెరిసే నలుపు,
రెండుసార్లు ఉతికితె బూడిదయ్యే అగ్గువ నలుపు.
ఒక్కో నలుపుకు ఐదు పొడుగులు,
యాభై రెండు కాడ మొదలువెట్టి అరవై దాక.
ఒక్కో పొడుగుకు తెర మీద ఒక గడి,
గడిల ఒక అంకె.
వట్టి నలుపుకే ఇరవై గడులు.
రంగుల సంగతి అడగొద్దు.

బషీర్ సేటు అజ్మాన్ నుంచి ఫోన్ జేస్తడు,
"ఆ పూల అంచు మాల్ మొత్తం ఎంతుంది?"
మొత్తం ఎప్పుడూ మంచిగనే ఉంటది.
అబద్ధమాడది,
అడిగింది మాత్రం చెప్పది.
నూట పదమూడున్నయి సేటూ.
గని రాసల్‌ఖైమాల ఒకామెకు కావల్సింది
యాభై ఎనిమిది, నేరేడు రంగు.
ఆ గడిల సున్న.

నేరేడని నేనంటున్న. సైటు మీద దాని పేరు ప్లమ్.
ఆ పండు నేను తిన్లే.

మూడుసార్లు రాసిందామె.
ఏం పెండ్లో, ఏం పండుగో చెప్పలే,
"వచ్చిందా?" ఒకటే మాట.
"రాలే." నాదీ ఒకటే మాట.

సున్నతోని నాకు పేచీ లేదు.
లేదంటె లేదు, మొఖం మీదనే చెప్తది.
భయమంత మైనస్ ఒకటితోని.
ఉన్నదొక్కటి, దాని మీద ఇద్దరు
ఒక్క రెప్పపాటుల వేలు వెడ్తరు,
ఒకరు లేని బట్టకు పైసలు గడ్తరు.
పోయిన రంజాన్ల ఒక్క రాత్రే పదకొండు.
పదకొండుమందికి మాఫీ నేనే అడిగిన,
అరబ్బీల, అర్థం దెల్వకుండ, నకలు గొట్టి.

ఇంకో తీరుగ గూడ ఉంటది.
ఎవలో బుట్టల ఏసుకుంటరు, కొనరు.
పావుగంట ఆగాలె.
ఆ పావుగంట అది మాది గాదు, వాళ్లదీ గాదు.
అర మీదనే ఉంటది, చేతికి అందుతది,
అమ్మరాదు.
పోయినేడు పాత వీసా తీరి కొత్తది రాక
నలభై రోజులు నేను గూడ గంతే,
ఏడో గదిల, పై మంచం మీద.

నిన్న మాపటికి గుల్ జమాన్ వ్యాను ఆపి
వాపస్ వచ్చిన కవర్లు బల్ల మీద కుమ్మరించిండు.
ఒకదాని మీద రాసుంది: పొడుగైంది.
ఇప్పిన.
నేరేడు రంగు. యాభై ఎనిమిది.

చీటీ తెంపలే, చెయ్యి లోపలికి మడిచి దాచిన్రు.
ఎడమ భుజానికి పిన్నీసు మర్చిపోయిన్రు.
సిరిసిల్ల సాంచెల నడుమ పెరిగిన ముక్కు నాది,
కొత్తబట్టేదో తొడిగినబట్టేదో ఒకలు చెప్పే పని లేదు.
ఊదు పొగ.
ఒక రాత్రి ఎవలో దీన్ని తొడుక్కొని తిరిగిన్రు,
నవ్విన్రో ఏమో,
పొద్దుగాల్ల పొడుగైంది.

కాయిదా ప్రకారం ఇది ఖరాబు గడిలకు పోవాలె.
నేను పిన్నీసు తీసి జేబుల ఏసుకున్న,
గాలి బయటికి తోలే పెద్ద పంకా ముంగట
రాత్రంత దాన్ని ఏలాడగట్టిన.
రెక్కలు జాపి ఎగురుతనే ఉంది, ఎవలూ లేకుంట.

తెల్లారి ఆమెకు రాసిన.
ఒకటుంది. ఒకసారి తొడిగిన్రు. వాసనుంది.
"ఏం వాసన?"
ఊదు.
జవాబు రాకముందే మూడు కవర్లు అంటువెట్టిన.
"పంపు," అన్నది. "ధర తగ్గియ్యి."

గడిల ఒకటి అని ఎక్కియ్యలే.
ఎక్కిస్తె అల్ ఐన్ల ఎవలో గుంజుకపోతరు,
నాలుగు నిమిషాలు గూడ నిలువది.
సున్న లోపలికెల్లే తీసి పంపిన.

ఇప్పుడు నేరేడు రంగు, యాభై ఎనిమిది కాడ
ఎర్రగ మైనస్ ఒకటి.
తెర మీద నూట పన్నెండు,
అరల మీద నూట పదమూడు.
సేటు నెలాఖర్ల లెక్కకు కూసుంటడు.
ఇంక తొమ్మిది రోజులుంది.
పిన్నీసు నా కాడనే ఉంది.